కోలారు సీమ వ్యాధియు, కోలారు సీమ టీకాయు

(పాఠశాల వార్షికోత్సవమున తలిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయుడు చేసిన ప్రసంగపాఠము)

 

వార్షికోత్సవమున ప్రధానోపాధ్యాయుడు లేచి నిలిచినచో పరీక్షా ఫలితములను గూర్చియు, బెంచీల కొరతను గూర్చియు చెప్పుట మన పాఠశాలలో ఆచారము. ఆ విషయములన్నియు కార్యదర్శిగారి నివేదికలో చక్కగా వచ్చియున్నవి. వానిని మరల చెప్పి మీ కాలమును హరింపను. ఈ కొద్ది సమయములో మరియొక విషయమును మీ ముందుంచ దలచితిని. అది మన పిల్లల ప్రాణములకు సంబంధించినది. మన సీమ పేరు లోకమునకు తెలిసిన ఒక శాస్త్రవిషయము కూడ.

ఈ సంవత్సరము ఒకటవ తరగతిలో పిల్లలను చేర్చుకొనునపుడు తాయి కార్డులను తెచ్చి చూపుడని మిమ్ములను కోరితిమి. కొందరు తెచ్చిరి, కొందరు ఎక్కడనో పోయినదనిరి. తెచ్చినవారి కార్డులలో కొన్నింటిలో ఒక గడి ఖాళీగా నుండెను. ఆ గడికెదురుగా “జె.ఇ.” అని రెండక్షరములున్నవి. ఇది వేయించలేదేమమ్మా అని ఒక తల్లిని అడుగగా ఆమె, “సూదులన్నీ వేయించినాము అయ్యవారూ. ఏది దేనికో మాకేం తెలుసు? మేము బెంగుళూరిలో కూలికి పోయినప్పుడు ఒకటి తప్పిపోయిందేమో” అని చెప్పినది. ఆమె యందు దోషము లేదు. ఆ రెండక్షరముల అర్థమును ఆమెకు అర్థమగు భాషలో చెప్పినవారు లేరు. ఆ పని చేయవలసినవారిలో నేనును ఒకడను. ఆ ఋణమును కొంత తీర్చుకొనుటకే నేటి ఈ ప్రసంగము.

జె.ఇ. యనగా జపాను మెదడువాపు వ్యాధి. కన్నడమున దీనిని మెదుళు జ్వర మందురు. పేరు జపానుదైనను వ్యాధి మనకు పరాయిది కాదు. 1977 మొదలు 1979 వరకు మన కోలారు జిల్లాలో ఈ వ్యాధి ప్రబలెను. అప్పటికి చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి తాలూకాలన్నియు కోలారు జిల్లాలోనివే. మన చిక్కబళ్ళాపురము వేరు జిల్లాయైనది 2007లో మాత్రమే.

నాకప్పుడు ఏడెనిమిదేండ్ల వయస్సు. నా పలకప్రక్క పలక పెట్టుకొని కూర్చుండు బాలుడొకడుండెను. లెక్కలలో నాకంటె చురుకైనవాడు. ఒకనాటి సాయంకాలము తలనొప్పి యని ఇంటికి పోయెను. మరునాటికి కాగిన పెనము వంటి జ్వరము, మూడవనాటికి ఫిట్లు, పిదప స్మృతి తప్పుట. గ్రహము పట్టినదని కొందరు, అమ్మవారి కోపమని కొందరు చెప్పిరి. బండి కట్టి పట్టణమునకు తీసికొని పోవుసరికి ఆలస్యమయ్యెను. అతడు బ్రతికెను. కాని బడికి తిరిగి వచ్చినప్పుడు మాట తడబడుచుండెను, కుడిచేయి స్వాధీనములో లేదు, రెండును రెండును ఎంతయని అడిగినచో నా ముఖమువైపు చూచి నవ్వెడివాడు. కొలది దినములకు బడి మానెను. అతని తల్లి చెరువు గట్టున అతని చేయి పట్టుకొని నడిపించుచుండగా చాల సంవత్సరములు చూచితిని. ఆ జ్వరము పేరేమియో నేను ఉపాధ్యాయుడనైన పిదపగాని తెలిసికొనలేదు.

ఇక ఈ వ్యాధి వచ్చు విధమును చెప్పెదను. దీనికి మూలము ఒక వైరస్. వైరస్ యనగా సామాన్యమైన సూక్ష్మదర్శినిలో కూడ కనబడనంతటి చిన్నది. తనంతట తాను పెరుగలేదు. ప్రాణి దేహములోని కణములో దూరి, ఆ కణముచేతనే తన ప్రతులను చేయించుకొనును. ఈ వైరస్ సహజముగా నివసించునది కొంగల జాతి పక్షులలో. పందులలో ఇది అతివేగముగా వృద్ధి పొందును. పందికి పెద్ద బాధ కలుగదు, కాని దాని రక్తములో కొన్నిదినములపాటు వైరస్ విస్తారముగా నుండును. ఆ రక్తమును త్రాగిన క్యూలెక్స్ జాతి దోమ తరువాత మనిషిని కుట్టినచో వైరస్ మనిషిలో ప్రవేశించును. ఈ దోమ వరిమడులలో నిలిచిన నీటియందు గ్రుడ్లు పెట్టును. సంధ్యవేళ మొదలు రాత్రియంతయు తిరుగును. మనిషి రక్తములో వైరస్ స్వల్పముగానుండుటచే మనిషినుండి మరియొక మనిషికి ఈ వ్యాధి అంటదు. కావున రోగియొద్ద కూర్చుండుటకు, అతనికి అన్నము తినిపించుటకు భయపడ నక్కరలేదు.

మన సీమయొక్క స్వరూపము ఈ గొలుసుకట్టుకు మిక్కిలి అనుకూలమైనది. ఏడాదిపొడవున పారు నదులు లేని మన మెట్టభూమికి చెరువులే ప్రాణము. వానలు కురిసి చెరువు నిండినచో ఆయకట్టు క్రింద వరిమడి, మడిలో దోమ, గట్టుపై కొంగ, ఊరి వెలుపల పంది, ఊరిలో మన పిల్లలు. ఇటీవలి సంవత్సరములలో హెబ్బాళ–నాగవార కణివె పథకము క్రింద బెంగుళూరు నగరమునుండి శుద్ధిచేసిన నీరు మన జిల్లా చెరువులలో కొన్నింటికి వచ్చుచున్నది. ఎండిన చెరువులలో నీరు చూచుట సంతోషమే; అయినను నీరు నిలిచినచోట దోమయు నిలుచునని మరువరాదు. మందు కొట్టి దోమలను చంపవచ్చును కదా యని మీరడుగవచ్చును. పట్టుపురుగులను పెంచువారు ఈ సభలో ఎందరో యున్నారు. ఆ మందుగాలి మల్బరీ ఆకుపై పడినచో పురుగు గతి ఏమగునో నాకంటె మీకే బాగుగా తెలియును. పందులను పెంచి జీవించు కుటుంబములు కూడ మనవారే. వారి జీవనమును తీసివేయుడని చెప్పుట న్యాయము కాదు, దొడ్డిలో ఉంచి ఊరికి దూరముగా పెంచుడని చెప్పవచ్చును. దోమతెర వాడవలెను. అయినను ఈ ఉపాయములన్నింటికంటె నమ్మదగినది టీకాయే.

ఇచట ఒక వింతను గమనింపుడు. ఈ వైరస్ దేహములో ప్రవేశించిన ప్రతివారికిని మెదడువాపు రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి అంచనా ప్రకారము సుమారు 250 మందికి వైరస్ సోకినచో ఒకరికి మాత్రమే తీవ్రమైన వ్యాధి వచ్చును. తక్కిన వారికి స్వల్ప జ్వరము, లేదా అదియును లేదు. కాని ఆ ఒకరికి వచ్చినప్పుడు దాని దెబ్బ దారుణము. మెదడువాపు వచ్చినవారిలో నూటికి ముప్పదిమంది వరకు మరణింతురు. బ్రతికినవారిలో నూటికి ఇరువది ముప్పదిమందికి జీవితాంతము అవిటితనము మిగులును. ఈ వైరస్‌ను చంపు మందు ఇంతవరకు లేదు. వైద్యులు జ్వరమును, ఫిట్లను అదుపులో నుంచి దేహము తానే గెలుచువరకు కాపాడగలరు, అంతియే.

తక్కిన ఆ రెండువందల నలువదితొమ్మిదిమందిని కాపాడినది ఎవరు? వారి దేహములోని రోగనిరోధక శక్తి. దీనిని బడిలోని హాజరు పట్టీతో పోల్చి చెప్పెదను. తరగతిలో కొత్త ముఖము కనబడినచో ఉపాధ్యాయుడు ఎవరు నీవని అడుగును. అట్లే మన రక్తములోని తెల్ల కణములు పరాయిదానిని చూచినచో గుర్తించును. వానిలో కొన్ని యాంటీబాడీలను తయారుచేయును. అవి వైరస్‌ను చుట్టుకొని కణములో దూరనీయవు. టి కణములను మరికొన్ని కణములున్నవి. అవి వైరస్ ఇదివరకే దూరిన కణములను వెదకి నాశనము చేయును. మొదటిసారి ఈ పనికి కొన్ని దినములు పట్టును. ఆ దినములలోనే వైరస్ మెదడును చేరినచో ఆపద. కాని ఒకసారి గెలిచిన పిదప దేహము ఆ శత్రువు పేరును తన పట్టీలో వ్రాసికొనును. రెండవసారి వచ్చినచో వెంటనే పట్టుకొనును. వ్యాధి రాకుండగనే ఆ పేరును పట్టీలో వ్రాయించుటయే టీకా చేయు పని.

ఈ నిరోధక శక్తిని గూర్చి మన దక్షిణ దేశమునందే గొప్ప పరిశోధన జరిగినది. బెంగుళూరులోని నిమ్హాన్స్ శాస్త్రజ్ఞులును, ఇంగ్లండులోని లివర్‌పూల్ విశ్వవిద్యాలయమువారును కలిసి చేసిన పరిశోధన 2016లో ప్రకటింపబడెను. వైరస్ సోకినను వ్యాధి రానివారి రక్తమును, మెదడువాపు వచ్చి బ్రతికినవారి రక్తమును వారు పోల్చి చూచిరి. ఈ రెండు తెగలవారి టి కణములు వేర్వేరు విధములుగా పని చేసినట్లు తేలినది. రోగులలో ఒక జాతి టి కణములు బహుముఖముగా పని చేసినవారు పూర్తిగా కోలుకొనిరట. డెంగ్యూ వైరస్ ఈ వైరస్‌కు దాయాది వంటిది. ఆరోగ్యవంతుల కణములు ఒకదానిని గుర్తించినట్లే రెండవదానిని కూడ చాలవరకు గుర్తించెను. యాంటీబాడీలను లెక్కించినంత మాత్రమున నిరోధక శక్తి కథ పూర్తికాదని ఇందువలన మనకు తెలియుచున్నది.

ఇప్పుడు టీకా చరిత్రకు వత్తము. మనదేశమున ఈ వ్యాధి మనుష్యులలో మొదట గుర్తింపబడినది 1955లో, వేలూరు ప్రాంతమున. 1973లో పశ్చిమ బెంగాలులోని బాంకుడా, బర్దమాన్ జిల్లాలలో ప్రబలెను. చాలకాలము మనకున్న టీకా ఒక్కటియే: హిమాచల ప్రదేశములోని కసౌలీలోని కేంద్ర పరిశోధన సంస్థలో ఎలుకపిల్లల మెదడులో వైరస్‌ను పెంచి, చంపి తయారుచేసినది. జపానులో దొరకిన నకయామ యను వైరస్ దానికి విత్తనము. అది మూడు సూదులుగా వేయవలెను, తయారు చేయుట కష్టము, దేశమునకంతకు చాలదు. 1999 అక్టోబరు, నవంబరులలో అప్పటికి మన సరిహద్దు దాటినంతనే యుండిన అనంతపురము జిల్లాలో ఈ వ్యాధి ప్రబలినప్పుడు మన బాగేపల్లివారి బంధువుల ఇండ్లలో ఎంత దిగులుండెనో ఇక్కడి పెద్దలకు జ్ఞాపకముండును.

2005లో ఉత్తరప్రదేశములోని గోరఖ్‌పూర్ ప్రాంతమున పెద్ద ఉపద్రవము వచ్చిన పిదప, 2006లో ప్రభుత్వమువారు చైనానుండి మరియొక టీకాను తెప్పించిరి. అది బలహీనపరచిన సజీవ వైరస్‌తో చేసినది. వైరస్‌ను చిట్టెలుక జాతి జంతువు మూత్రపిండ కణములలో తరము వెంట తరముగా పెంచగా పెంచగా, దానికి మెదడును దెబ్బతీయు శక్తి పోయి, నిరోధక శక్తిని మేల్కొల్పు గుణము మాత్రము మిగిలినది.

అయితే మన సొంత టీకా ఏది? ఇక్కడనే మన సీమ పేరు వచ్చుచున్నది. కోలారు జిల్లాలో వ్యాధి ప్రబలిన కాలమునుండి పూనాలోని జాతీయ వైరాలజీ సంస్థవారు ఇక్కడ చాల సంవత్సరములు పరిశోధనలు జరిపిరి. మన పందుల రక్తమును, పశువుల రక్తమును, మడులలోని దోమలను పరీక్షించిరి. 1980 తరువాతి తొలి సంవత్సరములలో కోలారు జిల్లాలో లభించిన ఒక వైరస్‌కు 821564 అను సంఖ్య నిచ్చి భద్రపరచిరి. దానినే కోలారు రకమందురు. సుమారు మూడు దశాబ్దములకు పిమ్మట, ఆ కోలారు వైరస్‌ను విత్తనముగా తీసికొని హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థవారు ఒక టీకాను తయారుచేసిరి. దాని పేరు జెన్‌వాక్. 2013లో దానికి అనుమతి లభించెను. అదే హైదరాబాదులో 1953లో స్థాపింపబడిన బయోలాజికల్ ఇ సంస్థవారు చైనా రకపు వైరస్‌ను చంపి చేసిన జీవ్ అను టీకా కూడ ఆ కాలమందే వచ్చెను.

జెన్‌వాక్ తయారీలో ఎలుకల మెదళ్ళ పని లేదు. వెరో కణములని ఒక జాతి కోతి మూత్రపిండమునుండి 1962లో జపానులో తీసిన కణములున్నవి; అవి తగిన పోషణ నిచ్చినచో ఎంతకాలమైనను పెరుగుచునే యుండును. పెద్ద పాత్రలలో ఆ కణములను పెంచి, వానిలో కోలారు వైరస్‌ను విత్తి, పండిన వైరస్‌ను శుద్ధిచేసి, రసాయనముతో చంపుదురు. చచ్చిన వైరస్ వ్యాధిని తేలేదు, కాని దాని రూపము చెదరదు గనుక దేహము దానిని చూచి పట్టీలో వ్రాసికొనును. ఈ టీకా వేయించుకొన్నవారి రక్తము, వేర్వేరు దేశములలో వేర్వేరు కాలములలో దొరకిన వైరస్ రకములను కూడ అడ్డగించినట్లు 2015లో ప్రకటింపబడిన పరిశోధన తెలుపుచున్నది. కోలారు వైరస్ కోలారుకు మాత్రమే గాక అన్యదేశముల పిల్లలకు కూడ ఉపకరింపగలదన్నమాట.

తల్లులారా, ఈ కథ విన్నప్పుడెల్ల నాకు నా పలకప్రక్క కూర్చున్న బాలుడు జ్ఞాపకము వచ్చును. మన జిల్లాలో ఏ ఇంటిలో దుఃఖము కలిగెనో, ఆ దుఃఖమునుండి ఒక విత్తనము పూనాకు పోయి, హైదరాబాదులో పంటయై, సీసాలలో తిరిగి వచ్చినది. సీసాపై ఏ రోగి పేరును లేదు. శాస్త్రగ్రంథములలో కోలారు అను మన సీమ పేరు మాత్రము నిలిచినది.

టీకాను తొందరపాటుగా తయారుచేసి మన పిల్లలపై ప్రయోగించుచున్నారని కొందరు చెప్పుచుందురు. ఆ శంకను తేలికగా త్రోసివేయను. ఏ టీకానైనను మొదట ప్రయోగశాలలో, పిదప జంతువులలో, అటుపిమ్మట సమ్మతించిన మనుష్యులలో మూడు దశలుగా పరీక్షింతురు. మొదటి దశలో కొద్దిమందిలో అపాయమున్నదా యని, రెండవ దశలో ఎంత మోతాదు చాలునని, మూడవ దశలో వేలాది మందిలో నిజముగా కాపాడునా యని చూతురు. కోవిడ్ కాలములో భారత్ బయోటెక్‌వారి కోవాగ్జిన్ ఒక సంవత్సరములోపల వచ్చుటకు గల కారణములలో ఒకటి ఈ వెరో కణముల విధానము వారికి ముందే చేతిలో నుండుట. పూనా సంస్థవారే ఆ వైరస్‌ను కూడ వేరుచేసి ఇచ్చిరి. 25,800 మందితో మూడవ దశ జరిగెను. అయితే ఆ ఫలితములు రాకముందే 2021 జనవరిలో అత్యవసర అనుమతి నిచ్చుటను శాస్త్రజ్ఞులలో కొందరు విమర్శించిరి. ఆ విమర్శ అవసరమైనదే. అడుగువారుండుటచేతనే శాస్త్రము తిన్నగా నడచును. మీరును వైద్యుని అడుగుడు. అడిగి తెలిసికొనుట వేరు, అడుగక భయపడి ఇంట కూర్చుండుట వేరు.

టీకా సర్వరోగ నివారిణి కాదనియు చెప్పవలెను. జె.ఇ. టీకా ఈ ఒక్క వైరస్‌ను మాత్రమే ఆపును. డెంగ్యూను, ఇతర మెదడు జ్వరములను ఆపదు. సూది వేసినచోట నొప్పి, ఒకటి రెండు దినములు కొంచెము జ్వరము రావచ్చును. టీకా ఎల్లకాలము పని చేయుననియు లేదు. 1957లో మన రాష్ట్రములోని శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు చచ్చిపడగా ఒక కొత్త వ్యాధి బయటపడెను. కన్నడమున దానిని మంగన కాయిలె యందురు. దానికి చాల సంవత్సరములు వాడిన టీకా తగినంతగా కాపాడుట లేదని తేలినందున 2022 తరువాత దానిని నిలిపివేసిరి. కొత్త టీకా కొరకు భారత వైద్య పరిశోధన మండలివారును, హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థవారును పూనుకొనిరి. పనిచేయని దానిని పనిచేయలేదని ఒప్పుకొనుటయే శాస్త్రమునకు గౌరవము.

ఇక మన కర్తవ్యము. జె.ఇ. టీకాను ఈ వ్యాధి ప్రబలు జిల్లాలలో ప్రభుత్వమువారు ఉచితముగా వేయుదురు. మొదటి సూది తొమ్మిది నెలలు నిండిన పిదప పండ్రెండు నెలలలోపల; రెండవది పదునారు మొదలు ఇరువదినాలుగు నెలలలోపల. మన జిల్లా ఆ జిల్లాలలో నొకటి. 2022 డిసెంబరులో కర్ణాటక ప్రభుత్వమువారు మరి పది జిల్లాలకు ఈ టీకాను విస్తరించిరి. ఇంటికి పోయినవెంటనే తాయి కార్డు తీసి చూడుడు. “జె.ఇ.” యనుచోట రెండు తేదీలు లేకున్నచో ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు గాని, ఆశా కార్యకర్తయొద్దకు గాని పోయి అడుగుడు. వయస్సు మించినదేమో యని మీరే నిర్ణయించుకొనవలదు. వారు చూచి చెప్పుదురు. కూలిపనికై బెంగుళూరు పోవువారు కార్డును వెంట తీసికొని పోవుడు.  పిల్లవానికి తీవ్ర జ్వరముతో ఫిట్లుగాని, మాట తప్పుటగాని, మత్తుగాని కలిగినచో మంత్రము, తాయెత్తు అని గంటలు గడపక వెంటనే ఆసుపత్రికి తీసికొని పోవుడు.

భాషను గూర్చి ఒక మాట చెప్పి ముగించెదను. మన పిల్లలు కన్నడమును చక్కగా నేర్చుకొనవలెను. అది మనకు అన్నము పెట్టు రాష్ట్రభాష. దానియందు నాకు గౌరవము గలదు. కాని ఇంటిలో బిడ్డ ప్రాణమును గూర్చి నిర్ణయించు తల్లి తెలుగు మాత్రమే చదువగలిగినప్పుడు, ఆమెకు తెలియని అక్షరములలో వచ్చిన మంచిమాట ఆమె చేరువకు రాదు. మాతృభాషా పాఠశాల యొక్క ప్రయోజనము పద్యములు వల్లించుటతో తీరదు. ఇట్టి మాటలను ఇంటివరకు చేర్చినపుడే అది సార్థకమగును. టీకాల పేర్లను, వేయించవలసిన వయస్సులను తెలుగులో వ్రాయించి, ఆరోగ్య కేంద్రపు వైద్యులచే సరిచూపించి, ప్రతి విద్యార్థిచేతికి నిచ్చుటకు ఉపాధ్యాయులము నిశ్చయించితిమి. ఐదవ తరగతి పిల్లలు దానిని ఇంట తల్లికి, అవ్వకు చదివి వినిపింతురు. కాగితము ఖర్చును సంఘమువారు భరించెదమని అధ్యక్షులు ఇప్పుడే సైగ చేసిరి. వారికి నా కృతజ్ఞతలు.

వచ్చు సంవత్సరము ఒకటవ తరగతిలో చేరు పిల్లల కార్డులను మరల చూచెదను. ఆ గడి ఒక్కటియు ఖాళీగా నుండరాదని నా కోరిక. నా పలకప్రక్క కూర్చున్నవానికి ఆ భాగ్యము లేకపోయెను. అప్పటికి ఈ టీకా లేదు. నేడున్నది. ఉండియు మన బిడ్డకు అందకపోయినచో ఆ దోషము మనదే యగును.